నాలుగో డబ్బా బియ్యం

టీవీలో కింద పాకే అక్షరాల్లో బంద్ అనే మాట కనిపించగానే మా ఆయన పౌలు గారు బియ్యం కొనుక్కొచ్చేవారు. పైన వార్తలు చదివే మనిషి ఏం చెబుతున్నాడో వినేవారు కాదు. తెలంగాణ కోసం జరిగిన ప్రతి బంద్‌కూ మా ఇంట్లో పది కిలోలు పెరిగాయి. 2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలయ్యేనాటికి, ప్రగతి నగర్‌లోని మా ఫ్లాట్లో, వంటగది అటక కింద నాలుగు డబ్బాలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మీద ఆయనే స్కెచ్ పెన్నుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేశారు. పాతవి ముందు వాడాలి, కొత్తవి తర్వాత. నాలుగో డబ్బా మూత తీసే అవసరం ఏనాడూ రాలేదు. ఏ బంద్ అయినా రెండు రోజులే, మూడో రోజు అందరికీ పనులుంటాయి అని ఆయన లెక్క.

ఆయన హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్. ఏ పని ఎన్ని రోజులు పడుతుందో ముందే అంచనా వేసి చెప్పడం ఆయన ఉద్యోగంలో సగం. పదిహేనేళ్లలో ఒక్క అంచనా కూడా నిజం కాలేదు. ప్రమోషన్లు మాత్రం వచ్చాయి.

ఆ ఆగస్టులో ఆయనకు పెద్దపేగులో కాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. ఆఫీసులో మాత్రం అపెండిక్స్ అని చెప్పాం. అపార్ట్‌మెంట్లోనూ అపెండిక్సే. గుడివాడలో ఉన్న వాళ్లక్కకు ఫోన్ చేసి అదే చెబితే, "నీకది ఇంటర్లోనే తీసేశారు కదరా" అందావిడ. "మిగిలిన ముక్క అక్కా" అన్నారు ఈయన. మా బంధువుల్లో ఇంతవరకు ఎవరికీ కాన్సర్ రాలేదు. అందరూ అపెండిక్స్‌తోనో, గ్యాస్‌తోనో పోయారు.

నేను మూసాపేటలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. కాబట్టి కాన్సర్ డాక్టరు బాలాత్రిపురసుందరి గారు చెప్పింది నాకు పూర్తిగా అర్థమైంది.

"గడ్డ పోయింది. కానీ పక్కనున్న రెండు గ్రంథులకు పాకి ఉంది. కంటికి కనపడనివి ఎక్కడైనా మిగిలి ఉండొచ్చు. ఈ మాత్రలు వాటి కోసం. పద్నాలుగు రోజులు వేసుకోవాలి, వారం ఆపాలి. అలా ఎనిమిది విడతలు. ఆపరేషన్ అయిన ఎనిమిది వారాల్లోపు మొదలుపెట్టాలి. ఆలస్యమైతే ఫలితం తగ్గుతుంది, జబ్బు తిరిగొచ్చే అవకాశం పెరుగుతుంది. ఇంట్లో వేసుకునేవి కదా అని తేలిగ్గా తీసుకోవద్దు."

"తేలిగ్గానా? మా ఆవిడ నర్సు డాక్టరు గారూ" అన్నారు పౌలు గారు.

సమ్మెకు ముందు రోజు, అంటే ఆపరేషనైన ఐదో వారంలో, మాత్రలు మొదలయ్యాయి. పొద్దున మూడు, రాత్రి మూడు. ఫ్రిజ్ మీద ఒక చార్టు అంటించాను. వేసుకోగానే ఆయన టిక్కు పెట్టాలి. ఎర్ర పెన్ను దారానికి కట్టి వేలాడదీశాను.

సమ్మె మొదలైన వారానికి బస్సులు కూడా ఆగిపోయాయి. నేను తెల్లారకముందే బయల్దేరి షేర్ ఆటోలు మారి డ్యూటీకి పోయేదాన్ని. వచ్చేసరికి చార్టులో టిక్కు ఉండేది. రాత్రివి ఆయన పడకగదిలో వేసుకుని వచ్చి టిక్కు పెట్టేవారు. వార్డులో పేషెంటు మాత్ర మింగి నాలుక చూపించేదాకా నేను మంచం దగ్గర నుంచి కదలను. ఇంట్లో పేషెంటు మొగుడు కాబట్టి చార్టు చూసి సంతోషపడ్డాను.

మాత్రలతో వచ్చే బాధలు కూడా వేళ తప్పకుండా వచ్చాయి. నాలుగో రోజు విరేచనాలు. ఆరో రోజు నోటిపూత. తొమ్మిదో రోజు అరికాళ్ల మంట. మందు డబ్బాలో పెట్టిన కాగితంలో ఏ వరుసలో అచ్చేశారో అదే వరుస. ఇంత క్రమశిక్షణగా బాధపడే మనిషిని నా సర్వీసులో చూడలేదు.

అరికాళ్ల మంటకు క్రీము రాయాలి. లేకపోతే తోలు ఊడుతుంది. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉండడంతో సాయంత్రాలు కరెంటు పోయేది. బాల్కనీలో కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెట్టి, కింద చాప మీద నేను కూర్చుని, ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని వేళ్ల మధ్య నుంచి మడమల దాకా రాసేదాన్ని. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన నా కాళ్లు అప్పుడు ఏమనేవో నేను పట్టించుకోలేదు.

"నెమ్మదిగా స్టెల్లా, మండుతోంది" అనేవారాయన కళ్లు మూసుకుని.

ఒక్క చోట కూడా తోలు ఊడలేదు. చిన్నపిల్లాడి పాదాల్లా తయారయ్యాయి. మా ఆసుపత్రిలో ఈ సంగతి చెబితే హెడ్ నర్సు నా చేత ఒక క్లాసు చెప్పించింది. పన్నెండు మంది నోట్సు రాసుకున్నారు. రెండో విడతకు ముందు రక్తం నేనే తీసి పరీక్షకు పంపితే రిపోర్టు కూడా అద్భుతంగా వచ్చింది. డాక్టరు గారు ఫోన్లో, "ఈ మాత్రల మీద ఇంత బాగున్న రక్తాన్ని అరుదుగా చూస్తాం" అన్నారు. ఆ మాట నేను నలుగురికి చెప్పాను. అపెండిక్స్ కాబట్టి చాలామందికి చెప్పలేకపోయాను.

ఆదివారం మా ఇంట్లో ప్రార్థన కూటం. ఆఫీసులో అసలు జబ్బు తెలిసిన ఒకే ఒక్క స్నేహితుడు నతానియేల్ గారు లేచి నిలబడి, "మా సహోదరుడు పౌలు గారికి ఈ మందును నా ద్వారా చూపించి, అది చక్కగా పనిచేసేలా చేస్తున్నందుకు ప్రభువుకు వందనాలు" అన్నారు. మందు చూపించింది డాక్టరమ్మ కదా, ఈయన ద్వారా ఏమిటి అని ఒక్క క్షణం అనిపించింది. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మాత్రం నేనే.

సమ్మె మూడో రోజున ఆగలేదు. మూడో వారం కూడా ఆగలేదు. బాచుపల్లిలో మా అమ్మాయి మెర్సీ ఉండే హాస్టల్లో మెస్సు మూసేశారు. తనతోపాటు కోస్తా పిల్లలు ముగ్గురు, రైళ్లు లేక, మా ఇంటికొచ్చారు. ఆడపిల్లలు తక్కువ తింటారని ఎవరన్నారో గానీ వాళ్లు హాస్టల్ పిల్లల్ని చూసి అనలేదు. రెండు వారాల్లో మూడు డబ్బాలు ఖాళీ అయ్యాయి.

ఆ రోజు నాకు సెలవు. వంటగదిలోంచి మెర్సీ కేక వేసింది.

"అమ్మా, పురుగు పట్టకుండా ఇప్పుడు ట్యాబ్లెట్లు వేస్తున్నావా?"

"వేపాకు వేశాను. ట్యాబ్లెట్లేంటి?"

"ఇవి."

నాలుగో డబ్బా మూత తీసి ఉంది. మెర్సీ చేతిలో గిన్నె ఉంది. గిన్నెలో బియ్యం, బియ్యంలో ఒక ప్లాస్టిక్ కవరు. కవర్లో మాత్రల షీట్లు. ఒక్క మాత్ర కూడా బయటికి తీయలేదు. షీట్లన్నిటికీ రబ్బరు బ్యాండు వేసి, మందుల షాపు బిల్లు జత చేసి, ఎక్స్‌పైరీ తేదీ కింద గీత గీశారు. పారేయడానికి మనసొప్పలేదు ఆయనకు. తర్వాత వాపసు ఇవ్వొచ్చు కదా.

ఫ్రిజ్ దగ్గరకెళ్లి చార్టు చూశాను. రెండు విడతలు కలిపి ముప్పై తొమ్మిది టిక్కులు. ఆ పొద్దుటిది కూడా ఉంది. ఆపరేషన్ తేదీ నుంచి లెక్క వేశాను. ఎనిమిది వారాలు దాటి రెండు రోజులైంది.

మెర్సీ ముఖంలోకి చూసి, "ఆ పిల్లలకు పెసరట్లు వెయ్యి. బియ్యం ఇప్పుడు ముట్టుకోవద్దు" అన్నాను. ఆధారం ఎక్కడ దొరికిందో అక్కడే ఉంచాలనిపించింది.

పౌలు గారు ఆఫీసు క్యాబులో ఆరింటికి వచ్చారు. సమ్మెలో కూడా తప్పనిసరిగా రావాల్సిన ఉద్యోగుల జాబితాలో తన పేరుందని ఆయనకు గర్వం. బ్యాగు దించి, అలవాటుగా బాల్కనీలోకి వెళ్లి, కుర్చీలో కూర్చుని, కాళ్లు చాపారు. నేను క్రీము ట్యూబు బదులు ఆ కవరు ఆయన ఒళ్లో పెట్టాను.

ఆయన షీట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నారు. ఆఖరికి, "నాలుగో డబ్బా తీశారా?" అన్నారు.

"తీశాం. సమ్మె మీ అంచనా ప్రకారం జరగలేదు."

"విను స్టెల్లా. నేను మందు మానలేదు. మార్చాను."

పర్సులోంచి ఒక పేపరు ముక్క తీశారు. నాలుగు మడతలు. నేలవేము మొక్కలో ఉండే ఒక పదార్థం పెద్దపేగు కాన్సర్ గడ్డల పెరుగుదలను నెమ్మదింపజేసినట్టు పరిశోధకులు గమనించారని అందులో ఉంది. పక్కన నేలవేము బొమ్మ. నతానియేల్ గారు ఆఫీసు క్యాంటీన్లో ఇచ్చారట. రోజూ పొద్దున్నే ఆ ఆకు కషాయం కాచుకుని ఫ్లాస్కులో పోసుకుని వెళ్తున్నారట. కాకరకాయ కూర చేస్తే పక్కింటికి పంపించే మనిషి. గ్రీన్ టీ అంటే నమ్మాను.

"ఇది నేచురల్. ఆ మాత్రలు వాడితే ఏమవుతుందో నేను చూశాను. డాక్టరమ్మ బయట కూర్చున్నాం చూడు, ఆ రోజు. నా పక్కనున్నాయన అవే మాత్రలు వాడి వేళ్లు పగిలి, సంతకం పెట్టలేక వేలిముద్ర వేశాడు. బ్యాంకు మేనేజరట. నేను అలా ఆఫీసుకు వెళ్తే అపెండిక్స్ అంటే ఎవడు నమ్ముతాడు? ప్రాజెక్టులోంచి తీసి పక్కన కూర్చోబెడతారు."

"నాకు చెప్పొచ్చు కదా."

"నువ్వు ఒప్పుకోవు."

"ఒప్పుకోనని తెలిసే దాచారన్నమాట."

నేను ఆ పేపరు ముక్క మళ్లీ చూశాను. వార్త మధ్యలో ఒక వాక్యం సగానికి తెగి ఉంది. కత్తెరతో చాలా నీటుగా కోశారు.

"మిగతాదేది?"

"అంతే ఇచ్చాడు నతానియేల్."

ఫోన్ చేస్తే నతానియేల్ గారు పావుగంటలో వచ్చారు. అదే కాలనీ. చంకలో బైబిలు ఉంది. వస్తూనే, "ప్రైజ్ ద లార్డ్ సిస్టర్, మీకు తెలిసిపోయిందా, మంచిదైంది. నాకూ మనసులో బరువుగా ఉంది" అన్నారు.

"ఈ వార్తలో కింది ముక్క ఏమైందండి?"

"కింది ముక్కా? దాని వెనకాల బాచుపల్లి ప్లాట్ల ప్రకటన ఉంది సిస్టర్. తెలంగాణ వస్తే రేట్లు పడతాయని అందరూ అమ్మేస్తున్నారు కదా, మనం కొనొచ్చని కత్తిరించి ఉంచాను."

"ఉందా?"

ఉంది. బైబిల్లోంచి తీశారు. ఒకవైపు గజం ఇంత అని ప్లాట్ల బొమ్మ. నేను తిప్పి పౌలు గారి చేతికిచ్చాను. పైకే చదవమన్నాను. ఆయన చదివారు.

"ఈ ఫలితాలు ప్రయోగశాలలో ఎలుకల మీద వచ్చినవేనని, మనుషుల మీద ఇంకా పరీక్షించలేదని, ఎంత మోతాదు అవసరమో తెలియదని పరిశోధకులు స్పష్టం చేశారు. రోగులు వాడుతున్న చికిత్సను ఎట్టి పరిస్థితుల్లోనూ..."

అక్కడ ఆగిపోయారు. నతానియేల్ గారి వైపు చూశారు.

"నువ్వు వెనకాల చదవలేదా బ్రదర్?"

"రేటు చూశాను బ్రదర్" అన్నారు నతానియేల్ గారు.

అప్పుడే యాదమ్మ గిన్నెలు తోమడానికి వచ్చింది. మా ఇంట్లో పనిచేసే మనిషి, సంగారెడ్డి వైపు. వంటగదిలో ఎవరూ మాట్లాడకపోవడం, బాల్కనీలో ముగ్గురం నిలబడి ఉండటం చూసి గుమ్మంలో ఆగిపోయింది. ఆయనకు ఆకు తెచ్చిచ్చేది ఎవరో నాకు అప్పుడు తట్టింది.

"యాదమ్మా, సారుకి నేలవేము నువ్వేనా తెస్తున్నది?"

ఆమె సారు వైపు చూసింది. సారు నేల వైపు చూశారు.

"సారు ఒట్టు ఏయించుకుండు అమ్మ. నీకు చెప్పొద్దని యేసుప్రభు మీద ఆయన ఏసిండు, ఎల్లమ్మ మీద నేనేసిన."

"ఎక్కడ దొరుకుతోంది?"

"ఏడ దొరుకుతది? చెర్వు పొంటి ఎప్పుడో ఉండె. ఇప్పుడు గాడ అపార్ట్‌మెంట్లే మొలిచినయి. ఊరి నుంచి తెద్దమంటె బస్సులు బంద్. మొదటి వారం తెచ్చిన నేలవేము, తర్వాత ఇగ యాపాకే."

"వేపాకా?" పౌలు గారు కుర్చీలోంచి లేచారు. "మూడు వారాలుగా నేను వేపాకు తాగుతున్నానా?"

"చేదే కద సారూ."

"నన్ను ఇంత మోసం చేస్తావా యాదమ్మా? నమ్మాను కదా నిన్ను. ఒక మాట చెప్పాలి కదా."

యాదమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నువ్వు అమ్మకు చెప్పినవా సారూ?" అని, కొంగు దోపుకుని గిన్నెల దగ్గరకు వెళ్లిపోయింది.

నతానియేల్ గారు ప్రార్థన చేద్దామా అన్నారు. వద్దన్నాను. ప్లాట్ల ప్రకటన వెనక్కి ఇవ్వలేదు.

అందరూ వెళ్లాక ఆయన మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. కాళ్లు మాత్రం చాపలేదు, కుర్చీ కిందికి మడుచుకున్నారు. ఆ కాళ్ల వైపే చూస్తూ అడిగాను.

"మండిందా?"

"ఏంటి?"

"అరికాళ్లు. ఒక్క రోజైనా మండిందా?"

"లేదు." పాదాలు ఇంకా లోపలికి లాక్కుని, "కానీ నువ్వు రాస్తుంటే బాగుండేది" అన్నారు.

పన్నెండు మంది నర్సుల నోట్సు గుర్తొచ్చింది. నేను లోపలికెళ్లి ఫ్రిజ్ మీద చార్టు పీకేశాను. ఎర్ర పెన్ను దారంతో సహా వచ్చింది.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాం. దారంతా ఆయన వేపాకు గురించే బాధపడ్డారు. "మనిషిని నమ్మలేం స్టెల్లా ఈ రోజుల్లో" అన్నారొకసారి. ఆటోలో నుంచి దూకడమా, ఆయన్ని తొయ్యడమా అని ఆలోచించి, రెండూ చెయ్యలేదు. బస్సులు లేవు, మళ్లీ ఆటో దొరకదు.

డాక్టరమ్మ అంతా విన్నారు. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది.

"ఆ మొక్క మీద పని జరుగుతోంది. మంచిదే. రేపు అది మందయితే నా చేత్తో నేనే రాస్తాను. ఇవాళ అది వార్త మాత్రమే" అన్నారు. "మీకు ఎలాగూ ఆలస్యమైపోయింది. ఈ మధ్యాహ్నం నుంచే మొదలుపెడదాం. పోయిన రోజుల వల్ల ఎంత నష్టం జరిగిందో నేను చెప్పలేను పౌలు గారూ. ఏడాది తర్వాత స్కానింగే చెప్పాలి. అప్పుడు కూడా ఇది దీనివల్లే అని ఎవరూ చెప్పలేరు."

ఆయన తలూపారు. మొదటిసారి భయపడ్డట్టు కనిపించారు.

తిరిగొస్తుంటే మూసాపేట దగ్గర ఆటో ఆగిపోయింది. రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, పెద్ద గుండిగల్లో అన్నం, పప్పు వండుతున్నారు. ఎవరూ కదలడానికి లేదు. ఒంటిగంట దాటింది. అన్నం తిన్న అరగంటలోపు మాత్రలు వేసుకోవాలి. తిండి ఇంట్లో ఉంది, ఇల్లు పొయ్యిలకు అవతల ఉంది.

ఆటో పక్కకొచ్చిన ఒకావిడ మమ్మల్ని చూసి, "దిగుండ్రి, తిని పోండ్రి. ఎట్లయిన రెండు గంటలు కదలది బండి" అంది. మెడలో గులాబీ కండువా, చేతిలో గరిటె.

"పర్లేదండి, మేం..." అన్నారు పౌలు గారు.

"ఆంధ్రోళ్లా? అయితే ఏంది, ఆకలి గాదా? కూసోండ్రి."

కూర్చున్నాం. నడిరోడ్డు మీద, డివైడర్ పక్కన, విస్తరాకుల్లో. పప్పు బాగుంది. ఆయన తినడం అయ్యాక నేను సంచిలోంచి షీటు తీసి, మూడు మాత్రలు నొక్కి తీసి, ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన నోట్లో వేసుకుని నీళ్లు తాగారు.

"నోరు తెరవండి" అన్నాను.

"స్టెల్లా, అందరూ చూస్తున్నారు."

"తెరవండి. నాలుక పైకెత్తండి."

ఎత్తారు. వరసలో తింటున్నవాళ్లంతా మెతుకులు నోట్లో పెట్టుకోవడం మాని చూశారు. గరిటె ఆవిడ దగ్గరకొచ్చింది.

"ఏం బీమారమ్మ సారుకి?"

"అపెండ..." అని మొదలుపెట్టారు ఆయన.

"కాన్సరండి" అన్నాను.

ఆ మాట బయటి మనుషుల ముందు అనడం అదే మొదటిసారి. ఆవిడ ఆయన విస్తట్లో ఇంకో గరిటెడు అన్నం వేసి వెళ్లిపోయింది. ఆయన తలెత్తకుండా అది కూడా తిన్నారు.

ఆ రోజు నుంచి పొద్దున డ్యూటీకి వెళ్లే ముందు ఆయన్ని లేపి, ఇడ్లీ తినిపించి, మాత్ర మింగించి, నాలుక కింద చూసి వెళ్తున్నాను. రాత్రి కూడా అంతే. మా ఇంట్లో ఇంక చార్టు లేదు. విరేచనాలు రెండో రోజే వచ్చాయి. కాగితంలో రాసిన వరుసలో కాదు. నోరు పూయనే లేదు. ఆఫీసులో ఆయనే నిజం చెప్పేశారు. బాత్రూముకు అన్నిసార్లు పరిగెత్తే అపెండిక్స్ లేదు కాబట్టి.

పదకొండో రోజు సాయంత్రం, సమ్మె ముగిసే మాట టీవీలో పాకుతుండగా, ఆయన బాల్కనీలోకి కుంటుతూ వెళ్లి కూర్చున్నారు.

"స్టెల్లా, మండుతున్నాయి" అన్నారు.

నేను హాల్లో కూర్చుని నాలుగో డబ్బా బియ్యం చేటలో ఏరుతున్నాను. లేవలేదు. ఇరవై రెండేళ్లుగా నర్సును. నొప్పి అన్న పేషెంటును నమ్మకపోవడం నాకు అదే మొదలు.

"నిజంగానే స్టెల్లా."

లేచి వెళ్లి చూశాను. అరికాళ్లు ఎర్రగా, మడమ దగ్గర తోలు లేస్తూ ఉంది. వేలితో నొక్కితే ఆయన పళ్లు బిగించి ఊపిరి పీల్చారు. ఇదివరకు ఎప్పుడూ అలా పీల్చలేదు. మునుపు కళ్లు మూసుకునేవారు.

లోపల్నుంచి క్రీము ట్యూబు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన నా ముఖంలోకి చూశారు. చాప ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు.

"వేళ్ల మధ్య కూడా రాసుకోండి" అని చెప్పి, వచ్చి చేట ముందు కూర్చున్నాను.